మారుప్రతికి వెల యెట్లు కట్టిరి?

తాటాకులపై గ్రంథములు వ్రాయు కాలమున లేఖకునికి కూలి యిచ్చుటకు ఒక కొలత యుండెడిది. ముప్పదిరెండు అక్షరముల మొత్తమును ఒక 'గ్రంథ'మని లెక్కించి, ఎన్ని గ్రంథములు వ్రాసిన అంత కూలి యిచ్చెడివారు. వచనమైనను పద్యమైనను కొలత అదియే. ఆకులను చెదలు తినుటకు ముందే మరియొక ప్రతి తీయింపకున్నచో గ్రంథము నశించును, తీయింపవలెనన్న వ్యయమగును. కంప్యూటర్ల కాలమునను ఈ చిక్కు తీరలేదు. నేడు మారుప్రతి తీయు పనిని, అనగా బాకప్‌ను, సాఫ్ట్‌వేరు చేయుచున్నది. అయితే ఆ సాఫ్ట్‌వేరునకు దేనిని కొలిచి వెల కట్టవలెను? ఈ ప్రశ్నకు గడచిన అరువది సంవత్సరములలో పలువిధములైన సమాధానములు పుట్టినవి.

తాత, తండ్రి, కొడుకు

1951లో వెలువడిన యూనివాక్ యంత్రము సమాచారమును లోహపు టేపులపై దాచుకొనెడిది. మరుసటి సంవత్సరము ఐ.బి.ఎమ్. సంస్థ 726 అను టేపు యంత్రమును ప్రకటించినది. టేపుతో పనిచేయుటలో ఒక సౌకర్యము కలదు. నిన్నటి లెక్కల టేపును చదువుచు, నేటి మార్పులను చేర్చి, క్రొత్త టేపుపై వ్రాయుదురు. పాత టేపు చెక్కుచెదరక మిగిలియుండును. కొత్త టేపు కొడుకు, నిన్నటిది తండ్రి, మొన్నటిది తాత. కొడుకు పాడైనచో తండ్రి నుండి, తండ్రియు పాడైనచో తాత నుండి లెక్కలు తిరిగి కట్టవచ్చును. మారుప్రతి కొరకు ప్రత్యేకముగా శ్రమపడవలసిన అవసరము అంతగా లేకుండెను.

1956లో వచ్చిన ఐ.బి.ఎమ్. రామాక్ యంత్రము ఈ పరిస్థితిని మార్చినది. ఇరువదినాలుగు అంగుళముల వెడల్పుగల ఏబది పళ్ళెములపై అది 50 లక్షల అక్షరములను దాచగలిగెడిది. అద్దె నెలకు 3,200 డాలర్లు. కోరిన లెక్క వద్దకు నేరుగా పోగలుగుట దీని గొప్పతనము. కాని పళ్ళెముపై క్రొత్త అంకె వ్రాసినచో పాత అంకె చెరిగిపోవును. అచట తండ్రి లేడు, తాత లేడు. కనుక పళ్ళెములోని దానిని పనిగట్టుకొని టేపుపైకి ఎక్కించుట అవసరమైనది. ఈ పని చేయు ప్రోగ్రాములే బాకప్ సాఫ్ట్‌వేరునకు మూలము.

ఉచితము నుండి లైసెన్సునకు

ఆ దినములలో ప్రోగ్రాములకు వేరుగా వెల లేదు. యంత్రమును అద్దెకు తీసికొన్నవారికి ప్రోగ్రాములు, శిక్షణ, మరమ్మతు అన్నియు కలిసియే లభించెడివి. ఉచితముగా దొరకు వస్తువుతో పోటీపడి అమ్ముట యెట్లు? అయినను కొందరు సాహసించిరి. అప్లైడ్ డేటా రీసెర్చి అను చిన్న సంస్థ 1965లో ఆటోఫ్లో అను ప్రోగ్రామును వాడుకరులకు లైసెన్సుపై ఇచ్చుటకు పూనుకొన్నది. ఇన్ఫర్మాటిక్స్ సంస్థ 1967లో మార్క్ 4 అను ప్రోగ్రామునకు 30,000 డాలర్ల వెల నిర్ణయించినది. అప్లైడ్ డేటా రీసెర్చికి చెందిన మార్టిన్ గెట్జ్ 1968 ఏప్రిల్‌లో, సమాచారమును వరుసలో పేర్చు తన పద్ధతికి పేటెంటు పొందెను.

1968 డిసెంబరులో ఐ.బి.ఎమ్. తన వెలలను విడదీయుదునని తెలిపినది. 1969 జనవరిలో అమెరికా ప్రభుత్వము ఆ సంస్థపై గుత్తాధిపత్యపు వ్యాజ్యము వేసినది. ఆ వ్యాజ్యము 1982లో ఉపసంహరింపబడినది. కాని అంతకుముందే మార్పు జరిగిపోయినది. 1969 జూన్ 23న పదునేడు ప్రోగ్రాములు వేరు వెలతో ప్రకటింపబడినవి. సాఫ్ట్‌వేరు ప్రత్యేకమైన సరకుగా నిలిచిన దినము అది.

ఈ సరకును బియ్యమువలె అమ్మిన చాలదు. కొన్నవాడు దానిని నిమిషములో నకలు చేసి పదిమందికి పంచగలడు. కనుక సొత్తు తయారీదారునిదే. వాడుకొనుటకు అనుమతి మాత్రము కొనువానిది. ఆ అనుమతియే లైసెన్సు. తరువాత చట్టములును తోడైనవి. అమెరికా 1980లోను, భారతదేశము 1984 సవరణ ద్వారాను కంప్యూటర్ ప్రోగ్రాములను కాపీరైటు చట్టము క్రిందికి తెచ్చినవి. 1994 నాటి భారత సవరణ మరియొక మేలు చేసినది. న్యాయముగా ప్రోగ్రామును కలిగియున్నవాడు, అది నశించకుండుటకై దాని మారుప్రతి తీసికొనుట నేరము కాదని అది తెలిపినది. ఇది ప్రోగ్రాము ప్రతికి సంబంధించిన హక్కు. వాడుకరి తన సొంత సమాచారమును కాపాడుకొనుటకు ఎంత చెల్లించవలెనన్నది వేరు విషయము.

యంత్రములను లెక్కించిన కాలము

1980 తరువాత కార్యాలయములలో అనేక కంప్యూటర్లు వలగా అల్లుకొన్నవి. ప్రతి యంత్రమునకు వేరుగా టేపు అమర్చుట కష్టము. ఒక కేంద్ర యంత్రము రాత్రివేళ తక్కిన యంత్రములనుండి సమాచారమును రప్పించుకొని టేపులకెక్కించు ఏర్పాటు వ్యాపించినది. క్రైస్లర్ మోటారు సంస్థ కొరకు 1987లో మొదలైన పని తరువాత నెట్‌బాకప్ అను పేరు పొందినది. 1988లో లెగాటో సంస్థ వెలసినది. 1993లో ఐ.బి.ఎమ్. వారి ఏ.డి.ఎస్.ఎమ్. వచ్చినది.

ఈ సాఫ్ట్‌వేర్లకు వెల సాధారణముగా యంత్రముల లెక్కన ఉండెడిది. కేంద్ర యంత్రమునకు ఒక లైసెన్సు, దానితో కలియు ఒక్కొక్క యంత్రమునకు ఒక్కొక్కటి, డేటాబేసు వంటివాటికి అదనముగా మరియొకటి. ఒక్కొక్క యంత్రమున ఇంచుమించు సమానముగా సమాచారమున్నంత కాలము ఇది న్యాయముగనే తోచినది.

కాని యంత్రమనగా ఏమి? 2005 ప్రాంతమున ఒకే ప్రాసెసరులో రెండు కోర్‌లు ఇమిడిన చిప్పులు విస్తరించినవి. వెల ప్రాసెసరుకా, కోర్‌కా అను వివాదము పుట్టినది. 2006లో ఐ.బి.ఎమ్. ఒక్కొక్క రకపు కోర్‌కు ఇన్ని మార్కులని నిర్ణయించి, మొత్తము మార్కులనుబట్టి వెల కట్టు విధానమును తెచ్చినది. అంతలో ఒకే యంత్రములో ఇరువది కల్పిత యంత్రములను నడపు పద్ధతి ప్రబలినది. 2006లో నెలకొన్న వీమ్ సంస్థ మొదట ప్రాసెసరు గూటి లెక్కన లైసెన్సు ఇచ్చినది. చిప్పులు బలపడినకొలది ఒక్కొక్క గూటిపై నడచు పని పెరిగినది. పని పెరిగినను రాబడి పెరుగలేదు. 2019లో ఆ సంస్థ కాపాడబడు పనుల సంఖ్యనుబట్టి లెక్కించు లైసెన్సును ముందుకు తెచ్చినది.

టెరాబైటు తక్కెడ

యంత్రములను లెక్కించుట చిక్కైనందున పలువురు సమాచారపు పరిమాణమునే కొలువసాగిరి. ఇది లేఖకుని 'గ్రంథ'పు లెక్కకు తిరిగి వచ్చుటయే. కాని ఈ తక్కెడను ఎచ్చట పెట్టవలెను?

ఒక ఉదాహరణము. ఒక సంస్థలో 10 టెరాబైట్ల సమాచారమున్నదనుకొనుడు. వారమున కొకసారి పూర్తి ప్రతి తీసి, నాలుగు వారముల ప్రతులు ఉంచినచో టేపులపై 40 టెరాబైట్లు చేరును. అట్లుగాక మొదట ఒక పూర్తి ప్రతి, తరువాత ప్రతిదినము మారిన భాగము మాత్రమే తీసినచో లెక్క వేరు. దినమునకు నూటికి రెండు వంతులు మారినచో అది 0.2 టెరాబైటు. ఇరువదియెనిమిది దినములలో 10కి ఇరువదియేడు దినముల 5.4 చేరి 15.4 టెరాబైట్లే యగును. మూలమును కొలిచి వెల కట్టినచో రెండు పద్ధతులకును 10 టెరాబైట్ల వెలయే. నిలువను కొలిచినచో ఒకటి 40, మరియొకటి 15.4.

కొలతనుబట్టి వాడుకరి నడవడి మారును. నిలువకు వెల కట్టినచో అతడు పాత ప్రతులను త్వరగా చెరిపివేయుటకు చూచును, తాతలు మాయమగుదురు. మూలమునకు వెల కట్టినచో కొంత సమాచారమును బాకప్‌నుండి తప్పించుటకు చూచును. తప్పింపబడినది ముఖ్యమైనదా కాదా యన్నది ప్రమాదము జరిగిననాడు గాని తెలియదు.

2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని దేజాన్ నగరమున ప్రభుత్వ సమాచార కేంద్రములో బ్యాటరీల వలన అగ్నిప్రమాదము జరిగినది. ఉద్యోగులు తమ పత్రములను దాచుకొను జి-డ్రైవ్ అను నిలువ దగ్ధమైనది. అందు 858 టెరాబైట్లు ఉండెను. వెలుపల మారుప్రతి లేదు. పరిమాణము మిక్కిలి పెద్దదగుటచే వెలుపల బాకప్ ఉంచలేదని అధికారులు వివరించిరి. అది లైసెన్సు వలన కలిగిన నష్టము కాదు. అయినను 'పెద్దది గనుక ప్రతి లేదు' అను మాట, పరిమాణమునుబట్టి చెల్లించు ప్రతి సంస్థయు ఆలోచింపదగినది.

చందాయు, స్వేచ్ఛయు

మొదట లైసెన్సు ఒక్కసారి కొన్నచో శాశ్వతము. ఏటేట పోషణ రుసుము వేరు. ఇటీవల సంవత్సరపు చందాలు పెరిగినవి. ఇందు ఒక మెలిక కలదు. మారుప్రతి తరచుగా ఆ సాఫ్ట్‌వేరునకు మాత్రమే తెలిసిన రూపములో ఉండును. చందా ఆగిన తరువాత ఐదేండ్ల క్రిందటి టేపును చదువుటకు అనుమతి యుండునా? ఒప్పందములో దానిని ముందే చూచుకొనవలెను.

ఇందుకు భిన్నమైన మార్గమును కొందరు చూపిరి. అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయమున పుట్టిన అమాండా ఉచితముగా లభించును. అది యూనిక్సునందలి సాధారణ పనిముట్ల రూపములోనే ప్రతులు తీయును గనుక, అమాండా లేకున్నను వానిని విప్పవచ్చును. 2000లో కెర్న్ సిబాల్డ్ ప్రారంభించిన బాక్యులా కూడ అందరికిని తెరచియున్న ప్రోగ్రామే. అయితే లైసెన్సు ఉచితమైనను టేపులు, డిస్కులు, నేర్పుగల ఉద్యోగి ఉచితముగా రారు.

మార్కుల జాబితాలు, ఫీజుల లెక్కలు కంప్యూటరులో దాచు పాఠశాలకైనను ఈ చరిత్రనుండి మూడు ప్రశ్నలు లభించును. వెల దేనిని కొలిచి కట్టుచున్నారు? ఆ కొలత ప్రకారము రేపు సమాచారము రెట్టింపైనచో ఏమగును? చెల్లించుట మానిననాడు పాత ప్రతి తెరచుకొనునా? మూడింటికిని సమాధానము దొరకిన పిమ్మట, ఒక ప్రతిని నిజముగా విప్పి చూడవలెను. విప్పిచూడని ప్రతి, చదువని తాటాకు కట్ట వంటిది. లోపల చెదలు చేరినదో లేదో పైకి తెలియదు.