సరుకు లెక్క చెప్పే చిప్: ఆర్‌ఎఫ్‌ఐడీ లేబుళ్లు, ప్రింటర్ల గురించి తెలుసుకోవాల్సిన విషయాలు

రొద్దం నుంచి పెనుకొండ మీదుగా హైవే ఎక్కి బెంగళూరు వెళ్లేవాళ్లకు బాగేపల్లి టోల్ ప్లాజా, అనంతపురం వైపు వెళ్లేవాళ్లకు మరూరు టోల్ ప్లాజా తగులుతాయి. కారు అద్దానికి అతికించిన చిన్న స్టిక్కర్‌ను పైనున్న యంత్రం చదువుతుంది, ఖాతాలో డబ్బు తగ్గుతుంది, గేటు లేస్తుంది. ఆ స్టిక్కరే ఫాస్టాగ్. 2021 ఫిబ్రవరి 15 అర్ధరాత్రి నుంచి జాతీయ రహదారుల టోల్ ప్లాజాల్లో అది తప్పనిసరి అయ్యింది. చాలా కుటుంబాలకు తెలియని సంగతి ఏమిటంటే, ఫాస్టాగ్ వెనక ఉన్నదీ, గార్మెంట్ ఫ్యాక్టరీ నుంచి విదేశానికి వెళ్లే చొక్కా ట్యాగులో ఉన్నదీ ఒకటే విద్య. దాని పేరు ఆర్‌ఎఫ్‌ఐడీ. అంటే రేడియో తరంగాలతో వస్తువును గుర్తుపట్టడం.

హిందూపురం, పెనుకొండ చుట్టుపక్కల గార్మెంట్ యూనిట్లలో, కార్ల విడిభాగాల కంపెనీల్లో, గోదాముల్లో పనికి వెళ్లే యువతీ యువకులకు ఈ మాట ఇప్పుడు తరచుగా వినిపిస్తోంది. ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసేవాళ్లకు కూడా ట్యాగులు, ప్రింటర్లు అమ్మే ఏజెంట్లు దీని గురించి చెబుతుంటారు. కొనాలా వద్దా, నేర్చుకుంటే ఉపయోగం ఉందా అని తేల్చుకోవాలంటే ముందు అది ఎలా పనిచేస్తుందో తెలియాలి.

లేబుల్ లోపల ఏముంటుంది?

పైకి మామూలు కాగితం స్టిక్కరే. వెలుతురుకు పట్టి చూస్తే లోపల సన్నని అల్యూమినియం గీతలు కనిపిస్తాయి. అది యాంటెనా. దాని మధ్యలో ఇసుక రేణువంత చిప్ ఉంటుంది. ఈ రెండూ కలిపి అతికించిన పలుచని పొరను ఇన్‌లే అంటారు.

ఇందులో బ్యాటరీ ఉండదు. రీడర్ వదిలే రేడియో తరంగం తగిలినప్పుడు దానిలోని శక్తితోనే చిప్ మేలుకుంటుంది, తనలో ఉన్న నంబరును అదే తరంగం మీద తిప్పి పంపుతుంది. తిరిగొచ్చే తరంగంతో కబురు పంపవచ్చని హ్యారీ స్టాక్‌మన్ అనే ఇంజనీరు 1948లోనే ఒక పరిశోధనా పత్రం రాశారు. సరుకు లెక్కకు దాన్ని పెద్ద ఎత్తున వాడే ప్రయత్నం 1999లో అమెరికాలోని ఎంఐటీలో ఆటో-ఐడీ సెంటర్ పెట్టాక ఊపందుకుంది. 2003లో వాల్‌మార్ట్ తన 100 మంది పెద్ద సరఫరాదారులు 2005 జనవరి నాటికి ఈ ట్యాగులు వేయాలని ప్రకటించింది. అప్పట్లో ఖర్చు ఎక్కువై అనుకున్నంత సాగలేదు. తర్వాత బట్టల వ్యాపారంలో నిలదొక్కుకుంది. జారా దుకాణాల యజమాని ఇండిటెక్స్, యూనిక్లో, డెకాథ్లాన్ వంటి సంస్థలు ఇప్పుడు దీన్నే వాడుతున్నాయి.

ఆర్‌ఎఫ్‌ఐడీలో ప్రధానంగా మూడు రకాలు ఉన్నాయి. పశువుల చెవి ట్యాగులకు, చర్మం కింద పెట్టే చిప్‌లకు వాడేది 134.2 కిలోహెర్ట్జ్ రకం. మెట్రో కార్డు, ఫోన్‌తో చెల్లింపులు, లైబ్రరీ పుస్తకాలకు వాడేది 13.56 మెగాహెర్ట్జ్ రకం. ఇది కొన్ని సెంటీమీటర్ల దూరం నుంచే చదువుతుంది. మన దేశంలో 2024 ఏప్రిల్ 1న ప్రయోగాత్మకంగా మొదలైన ఈ-పాస్‌పోర్టు చిప్ కూడా ఈ కోవకే చెందుతుంది. సరుకు లెక్కకు, ఫాస్టాగ్‌కు వాడేది మూడోది, యూహెచ్‌ఎఫ్ రకం. కొన్ని మీటర్ల దూరం నుంచి సెకనుకు వందల ట్యాగులను చదవగలదు. మన దేశంలో దీనికి కేటాయించింది 865 నుంచి 868 మెగాహెర్ట్జ్.

బార్‌కోడ్‌కు, దీనికి తేడా ఏమిటి?

దుకాణంలో సామాన్ల మీద 890తో మొదలయ్యే బార్‌కోడ్ చూస్తుంటాం. ఆ కంపెనీ నంబరు జీఎస్1 ఇండియా దగ్గర తీసుకున్నదని దాని అర్థం. ఆ బార్‌కోడ్ చెప్పేది సరుకు రకం వరకే. ఒకే రంగు, ఒకే సైజు చొక్కాలు 200 ఉంటే అన్నిటి మీదా ఒకే బార్‌కోడ్ ఉంటుంది. ఆర్‌ఎఫ్‌ఐడీ లేబుల్‌లో సరుకు నంబరుతో పాటు ఆ ఒక్క పీసుకే చెందిన వరుస నంబరు కూడా ఉంటుంది. 200 చొక్కాలకు 200 నంబర్లు. మనుషులకు ఆధార్ ఉన్నట్టు అనుకోవచ్చు.

రెండో తేడా చదివే తీరులో ఉంది. బార్‌కోడ్‌ను ఒక్కొక్కటిగా, కంటికి ఎదురుగా పెట్టి చదవాలి. ఆర్‌ఎఫ్‌ఐడీకి అట్టపెట్టె విప్పనక్కర లేదు. పెట్టెను రీడర్ ముందు నుంచి పంపితే లోపల 40 పీసులకు 39 ఉన్నా వెంటనే తెలుస్తుంది.

ప్రింటర్ చేసే పని

ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. ప్రింటర్ చిప్‌ను తయారు చేయదు. చిప్ ఉన్న ఖాళీ లేబుళ్ల రోల్ కొనుక్కోవాలి. ప్రింటర్ ఒకేసారి రెండు పనులు చేస్తుంది. లోపల ఉన్న చిన్న యాంటెనాతో చిప్‌లో నంబరు రాస్తుంది, దాన్ని మళ్లీ చదివి సరిచూసుకుంటుంది. ఆ తర్వాత పైన పేరు, సైజు, ధర, బార్‌కోడ్ అచ్చు వేస్తుంది. చిప్ పాడై ఉంటే ఆ లేబుల్ మీద అడ్డగీతలు గానీ, చెల్లదన్న గుర్తు గానీ కొట్టి, అదే సమాచారాన్ని తర్వాతి లేబుల్‌లో రాస్తుంది. జీబ్రా, సాటో, టీఎస్‌సీ, హనీవెల్ వంటి కంపెనీలు ఈ ప్రింటర్లు తయారు చేస్తున్నాయి.

అచ్చు రెండు రకాలు. వేడి తగిలితే నల్లబడే కాగితం మీద రిబ్బన్ లేకుండా వేసేది మొదటిది. ఎండకు, రాపిడికి త్వరగా వెలిసిపోతుంది, కొరియర్ స్టిక్కర్లకు సరిపోతుంది. రిబ్బన్ పెట్టి వేసేది రెండోది. కాగితానికి వ్యాక్స్ రిబ్బన్, ప్లాస్టిక్ లేబుల్‌కు, ఉతికినా పోకూడని సాటిన్ లేబుల్‌కు రెజిన్ రిబ్బన్ వాడతారు. రిబ్బన్ తప్పుగా పెడితే చిప్ బాగానే ఉన్నా పైన అక్షరం చెరిగిపోతుంది.

కొత్త రోల్ పెట్టినప్పుడల్లా క్యాలిబ్రేషన్ చేయాలి. లేబుల్‌లో చిప్ ఏ చోట ఉందో ప్రింటర్ అప్పుడే కనుక్కుంటుంది. ఇది వదిలేస్తే పక్క లేబుల్‌లో నంబరు పడి, పైన అచ్చు ఒకటి, లోపల నంబరు మరొకటి అవుతుంది. ఈ తప్పు కంటికి కనిపించదు. సరుకు ఊరు దాటాక బయటపడుతుంది, అప్పుడు మొత్తం పెట్టెలు విప్పాల్సిందే. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. మన ప్రాంతంలో గాలి పొడిగా ఉండే రోజులు ఎక్కువ. ప్లాస్టిక్ లైనర్ రాపిడికి పుట్టే స్టాటిక్ కరెంటు చిప్‌లను చంపేస్తుంది. అందుకే ప్రింటర్‌కు ఎర్తింగ్ సరిగా ఉండాలి. రోళ్లను ఎండలో పెట్టకూడదు, వాటి మీద బరువు వేయకూడదు.

గార్మెంట్ యూనిట్‌లో లేబుల్ ప్రయాణం

విదేశీ బ్రాండ్ ఆర్డర్ ఇచ్చినప్పుడు లేబుల్ నంబర్లు ఆ బ్రాండ్ దగ్గరి నుంచే వస్తాయి. చాలాసార్లు బ్రాండ్ ఒప్పుకున్న లేబుల్ కంపెనీయే నంబర్లు రాసి, అచ్చు వేసి, రోళ్లు ఫ్యాక్టరీకి పంపుతుంది. ఫ్యాక్టరీలో వాటిని బంగారంలా లెక్కపెట్టి ఇవ్వాలి. కట్ చేసిన పీసులు ఎన్ని, ఇచ్చిన లేబుళ్లు ఎన్ని, చెడినవి ఎన్ని అన్న మూడు లెక్కలూ కలవాలి. పాడైన లేబుల్‌ను కాపీ కొట్టి అదే నంబరు మరో పీసుకు వేయడం పెద్ద తప్పు. ఒకే నంబరు రెండు పీసుల్లో ఉంటే రీడర్ దాన్ని ఒక్కటిగానే లెక్కపెడుతుంది, పెట్టెలో ఒక పీసు తక్కువ చూపిస్తుంది.

చివర్లో ప్యాకింగ్ దగ్గర పెట్టెను రీడర్ ఉన్న సొరంగం లాంటి యంత్రం గుండా పంపుతారు. ప్యాకింగ్ లిస్టుతో సరిపోతేనే పెట్టె మూతపడుతుంది. కొరత వస్తే ఆ నష్టం, మళ్లీ ప్యాక్ చేసే కూలి చాలాచోట్ల ఫ్యాక్టరీ మీదే పడుతుంది. అందుకే లేబుల్ గదిలో పనిచేసే మనిషి నమ్మకం మీద చాలా ఆధారపడి ఉంటుంది.

ట్యాగు ఆపగలిగేది, ఆపలేనిది

2025 ఏప్రిల్‌లో పెనుకొండ దగ్గర ఎర్రమంచి కియా కార్ల కర్మాగారానికి చెందిన సుమారు 900 ఇంజిన్లు మాయమయ్యాయన్న వార్త దేశమంతా వినిపించింది. కంపెనీ లెక్కలు చూసుకున్నప్పుడు తేడా బయటపడి, మార్చిలో పోలీసులకు ఫిర్యాదు వెళ్లింది. ఒక్క రోజులో కాదు, కొన్నేళ్లుగా కొద్దికొద్దిగా పోయాయని, లోపలి వ్యవహారం తెలిసినవారి పాత్రపై అనుమానం ఉందని దర్యాప్తు అధికారులు చెప్పారు.

ప్రతి గోదాముకూ ఇందులో ఒక పాఠం ఉంది. ట్యాగు, గేటు దగ్గర రీడర్ ఉంటే ఏ వస్తువు ఎప్పుడు గేటు దాటిందో రికార్డు పడుతుంది. తేడా ఏడాది చివర కాకుండా అదే రోజు తెలుస్తుంది. కానీ ఆ రికార్డును చూసేవాళ్లు ఉండాలి. బిల్లు రాసే మనిషి, సరుకు ఎత్తే మనిషి, గేటు లెక్క సరిచూసే మనిషి ముగ్గురూ వేర్వేరుగా ఉండాలి. కామర్స్ చదివినవాళ్లకు ఇది కొత్త మాట కాదు, ఇంటర్నల్ చెక్ అని మొదటి పాఠాల్లోనే వస్తుంది. ఆ ముగ్గురూ కుమ్మక్కైతే చిప్ ఏమీ చేయలేదు. ట్యాగు పీకి పక్కన పెడితే వస్తువు మాయమైనా ట్యాగు మాత్రం గోదాములోనే కనిపిస్తుంది. అందుకే ట్యాగు లెక్కతో పాటు అప్పుడప్పుడు కళ్లతో చూసి, చేత్తో లెక్కపెట్టే అలవాటు పోకూడదు.

ధర్మవరం చీరకు పనికొస్తుందా?

మరమగ్గం చీరను చేనేత అని అమ్మడం ధర్మవరం నేతన్నల పాత బాధ. చేనేతకు కొన్ని రకాలను కేటాయిస్తూ 1985లో కేంద్రం చట్టం చేసినా నకిలీలు ఆగలేదు. అసలు పట్టు అని చెప్పడానికి సిల్క్ మార్క్ లేబుల్, చేనేత అని చెప్పడానికి హ్యాండ్లూమ్ మార్క్, ధర్మవరం పేరుకు భౌగోళిక గుర్తింపు ఇప్పటికే ఉన్నాయి.

చీరకు ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగు వేస్తే దుకాణంలో స్టాకు లెక్క నిమిషాల్లో తేలుతుంది, దొంగతనం తగ్గుతుంది. అయితే చీర చేనేతో కాదో చిప్‌కు తెలియదు. ట్యాగు కట్టిన మనిషి నిజాయితీ ఎంతో, ట్యాగు చెప్పే మాట విలువ అంతే. మగ్గం దగ్గరే, నేసిన మనిషి పేరుతో, నమ్మకమైన సంఘం కడితేనే దానికి అర్థం ఉంటుంది. ఇంకో చిక్కు జరీ. లోహం రేడియో తరంగాలను అడ్డుకుంటుంది, కాబట్టి ట్యాగు జరీ మడతలకు ఆనుకుని ఉంటే సరిగా చదవకపోవచ్చు. అంచు బయటికి వేలాడేలా కట్టడం మంచిది.

నీరు కూడా అంతే, తరంగాలను పీల్చేస్తుంది. హిందూపురం మార్కెట్లో చింతపండు, బెల్లం లాంటి తేమ ఉన్న సరుకు బస్తాలకు బార్‌కోడ్ గానీ, క్యూఆర్ కోడ్ గానీ చౌక, సులువు.

చిన్న వ్యాపారి వేసుకోవాల్సిన లెక్క

బార్‌కోడ్ లేబుల్ ఖర్చు పైసల్లో ఉంటే, ఆర్‌ఎఫ్‌ఐడీ లేబుల్ ఖర్చు రూపాయల్లో ఉంటుంది. చిన్న బార్‌కోడ్ ప్రింటర్ పది, పదిహేను వేలకు దొరుకుతుంది. ఆర్‌ఎఫ్‌ఐడీ ప్రింటర్ సాధారణంగా లక్ష దాటుతుంది. రీడర్, సాఫ్ట్‌వేర్ వేరే. ఒక్కో లేబుల్ 5 రూపాయలు అనుకుంటే 3,000 పీసులకు 15,000 రూపాయలు. 200 రూపాయల నైటీ మీద 5 రూపాయలు భారమే. 15,000 రూపాయల చీర మీద భారం కాదు. ఒక్కో పీసు ఖరీదైనదైతే, పీసులు వేలల్లో ఉంటే, లెక్క తరచూ తప్పుతుంటే దీని గురించి ఆలోచించవచ్చు. మిగతావాళ్లకు బార్‌కోడ్, నెలకోసారి స్టాకు చూసుకోవడం చాలు.

సెకండ్ హ్యాండ్ పరికరాలు కొనేవాళ్లు ఒకటి చూసుకోవాలి. అమెరికా రీడర్లు 902 నుంచి 928 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తాయి. ఆ బ్యాండ్‌లో ఇక్కడ నడపడం చట్టానికి విరుద్ధం. మన దేశపు 865–868 బ్యాండ్‌కు ఆమోదం ఉన్న పరికరమే తీసుకోవాలి. బిల్లు, ఆమోదపత్రం అడిగి తీసుకోండి.

సరుకు లెక్కను, లారీ లెక్కను కలపొద్దు. 50,000 రూపాయలు దాటిన సరుకుకు ఈ-వే బిల్లు ఉండాలి. అంతర్రాష్ట్ర రవాణాకు 2018 ఏప్రిల్ 1 నుంచి, ఆంధ్రప్రదేశ్ లోపల ఏప్రిల్ 15 నుంచి ఇది అమల్లోకి వచ్చింది. 2021 నుంచి ఈ-వే బిల్లు వ్యవస్థను ఫాస్టాగ్‌తో కలిపారు. లారీ ఏ టోల్ దాటిందో అధికారులకు తెలుస్తుంది. సరుకుకు ట్యాగు ఉన్నంత మాత్రాన ఈ-వే బిల్లు అవసరం పోదు.

భయపడాలా?

2016లో కొత్త 2,000 నోటులో చిప్ ఉందని, భూమిలో పాతినా దొరుకుతుందని పుకారు ఎంత తిరిగిందో అందరికీ గుర్తుంది. అది అబద్ధం. బట్టల ట్యాగు మీద కూడా ఇలాంటి అనుమానాలు వస్తుంటాయి. ఇందులో జీపీఎస్ లేదు. రీడర్ దగ్గర్లో లేకపోతే ట్యాగు మూగదే. అందులో కొనేవారి పేరు, ఫోన్ నంబరు ఉండవు, సరుకు నంబరు మాత్రమే ఉంటుంది. అయినా ఇంటికి తెచ్చాక కత్తిరించి పారేస్తే ఏ ఇబ్బందీ లేదు. చిప్‌ను శాశ్వతంగా ఆపేసే ఆదేశం కూడా ఈ పద్ధతిలో ఉంది.

నేర్చుకునేవాళ్లకు

లేబుల్ గది, గోదాము పనులకు పెద్ద ఇంజనీరింగ్ అక్కర్లేదు. ఎక్సెల్‌లో నంబర్ల జాబితా తయారు చేయడం, లేబుల్ సాఫ్ట్‌వేర్‌కు దాన్ని కలపడం, రిబ్బన్, రోల్ మార్చి క్యాలిబ్రేషన్ చేయడం, వచ్చిన, వాడిన, చెడిన లేబుళ్ల లెక్క రాయడం వస్తే చాలు. డిగ్రీ చదివి ఇంట్లో ఉన్న ఆడపిల్లలు కూడా కూర్చుని చేయగలిగిన పని ఇది. ఇంటర్వ్యూలో అడిగే మొదటి ప్రశ్న తరచూ ఇలా ఉంటుంది: వెయ్యి లేబుళ్లు ఇచ్చాం, 980 పీసులు ప్యాక్ అయ్యాయి, మిగతా 20 ఎక్కడ? ఆ 20కి ఒక్కొక్కదానికీ కాగితం మీద జవాబు చూపించగలిగితే పని వచ్చినట్టే.