సర్కారు తుమ్మ వచ్చిన తొవ్వ, పటం గీసే తీరు

పశువులు మేసే పడావు భూముల్లో, చెరువు కట్టల మీద, బాటల పక్కన ఇవ్వాళ పెరిగే ముళ్ల చెట్టు సర్కారు తుమ్మ. ఇది మన తాతలు మొదటి నుంచీ ఎరిగిన చెట్టు కాదు. దీని పుట్టిల్లు అమెరికా ఖండం. 1877లో మద్రాసు సర్కారు అటవీ శాఖ దీని గింజలు తెప్పించి కడప జిల్లా కమలాపురం దగ్గర నాటించింది. మెట్ట నేలలో వంటచెరకు దొరుకుతుందని వాళ్ల ఆలోచన. ఎవరు తెచ్చారో పేరే చెబుతుంది. తర్వాత కాయలు తిన్న మేకలు, పశువులు పేడతో గింజలను ఊరూరా చేర్చాయి. కట్టెలు, బొగ్గు ఇచ్చిన మాట నిజమే. కాని గడ్డి మొలిచే జాగాను మింగింది.

అంతకు ముందే 1809లో పులికంప పూల అందం కోసం కలకత్తా తోటకు వచ్చింది. దాన్నే లాంటానా అంటారు. ఈ రెంటినీ తెచ్చేటప్పుడు, ఆ నేల మీద బతికే వాళ్లను ఎవరూ అడగలేదు.

ఇప్పుడు ఇలాంటి మొక్కలు ఇంకా ఎక్కడికి పాకగలవో కంప్యూటర్ లెక్క కడుతోంది. మొక్క కనిపించిన చోట్లు రాసుకుంటారు. అక్కడి వాన, ఎండ, నేల చూస్తారు. అలాంటి గుణాలే ఉన్న తావులను పటంలో రంగు వేస్తారు. ఇందుకు ఎక్కువ మంది వాడే మాక్స్‌ఎంట్ పద్ధతి 2006లో వచ్చింది. 2020లో మన శాస్త్రవేత్తలు ఇలాగే లెక్కించి, 1,50,000 చదరపు కిలోమీటర్లకు పైగా అడవిలో పులికంప ఉందని చెప్పారు.

అయితే రంగు పడ్డ చోట మొక్క ఉన్నట్టు కాదు, బతకగలదని మాత్రమే. మొక్కను రోడ్ల పక్కనే చూసి రాసుకుంటే పటం కూడా రోడ్ల వెంటే నడుస్తుంది. వాతావరణ లెక్కల్లో ఒక్కో గడి సుమారు ఒక కిలోమీటరు. మా కోహీర్ ఎర్రనేలల దిక్కు ఆ ఒక్క గడిలోనే తండా, చేను, మేత భూమి అన్నీ ఇమిడిపోతాయి.

అందుకే లెక్క దాచకూడదు. బడిలో మేము పిల్లలకు చెప్పేది ఇదే: జవాబు ఒక్కటే రాస్తే చాలదు, చేసిన తీరు చూపాలి. ఏ చోట్లు తీసుకున్నారో, ఏవి వదిలేశారో, ఏ సూత్రం వాడారో అన్నీ బయట పెడితే, ఇంకొకరు మళ్లీ చేసి చూసుకోవచ్చు. 2020లోనే శాస్త్రవేత్తలు ఓడీమ్యాప్ అనే పద్ధతి పెట్టి, ఇవన్నీ వరుసగా రాయాలన్నారు.

ఇది మనకెందుకు? పటంలో రంగు పడ్డ జాగాకు రేపు జేసీబీ రావచ్చు, కంచె పడవచ్చు, మేకలకు మేత పోవచ్చు. 2006 అటవీ హక్కుల చట్టం 5వ సెక్షన్ అడవిని, జీవ వైవిధ్యాన్ని కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. ఆ హక్కులున్న చోట పటం ముందు గ్రామసభకు రావాలి, మనకర్థమయ్యే తెలుగులో రావాలి. మేకలు కాసే మన అవ్వ ఏ గుట్ట మీద ఏ కంప ఎప్పుడు మొలిచిందో చెబుతుంది. ఆమె మాటా ఆ లెక్కలోకి ఎక్కాలి. 1877లో అడగలేదు. ఇప్పుడు అడిగించుకోవడం మన పని.