సుల్తాన్ బజార్ గీత, లారీ పొగ

పోస్టు కొంచెం పెద్దది, ఓపిక చేసుకోండి. సెకండ్ హ్యాండ్ లారీయో డీసీఎమ్మో కొందామనుకునేవాళ్లు మాత్రం చివరిదాకా చదవండి.

పెళ్లి బట్టలకని హైదరాబాద్ సుల్తాన్ బజార్ పోని ఇల్లు మన దగ్గర తక్కువే. ఆ బజారును ఒకప్పుడు రెసిడెన్సీ బజార్ అనేవారు. పక్కనున్న కోఠీ మహిళా కళాశాల పాత భవనంలో బ్రిటిష్ రెసిడెంట్ ఉండేవాడు. చుట్టూ నిజాం రాజ్యమే, కానీ ఆ బజార్లలో నడిచేది రెసిడెంట్ అధికారం. నిజాం చేతికి అందకుండా ఉందామని సాహుకార్లు చాలామంది అక్కడే కొట్లు పెట్టుకున్నారు. 1933లో బజార్లు తిరిగి నిజాంకు వచ్చాక సుల్తాన్ బజార్ అయింది. అప్పటిదాకా రోడ్డు దాటితే చట్టం మారేదన్నమాట.

డీజిల్ బండి పొగ కథ కూడా ఇట్లాంటిదే. ప్రభుత్వం ఎక్కడ గీత గీస్తే, అక్కడ దాటేవాడు తయారు.

బండి నిలబెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, పొగ ఎంత నల్లగా ఉందో కొలుస్తారు. పాత లారీలకు 65 హార్ట్రిడ్జ్ యూనిట్లు దాటకూడదు. దీనికి విరుగుడు మెకానిక్ స్క్రూడ్రైవర్‌లోనే ఉంది. లోడుకు పికప్ కావాలంటే పంపు స్క్రూ తిప్పి డీజిల్ పెంచుతాడు, నల్లపొగ వస్తుంది. పరీక్ష రోజు తగ్గిస్తాడు. సర్టిఫికెట్ చేతికి రాగానే మళ్లీ పెంచుతాడు. మట్టి లోడుతో ఎత్తెక్కే బండిని ఎవరు కొలిచారు?

2010లో ఈ గీత ఊళ్ల మధ్యకు వచ్చింది. హైదరాబాద్‌తో కలిపి 13 నగరాలకు బీఎస్-4, మిగతా దేశానికి బీఎస్-3. నగరం బంకు డీజిల్‌లో గంధకం 50 పీపీఎం మించొద్దు, మన ఊరి బంకులో 350 దాకా ఉండొచ్చు. జిల్లాలో రిజిస్టరైన బీఎస్-3 లారీ మన డీజిలే పోసుకుని, రాత్రికి ఉస్మాన్‌గంజ్‌లో సరుకు దింపి పోయేది. తప్పేం కాదు, రూలే అట్లుంది. కోఠీలో బస్సు కోసం నిలబడ్డోడి ముక్కుకు మాత్రం అది ఏ జిల్లా పొగో తెలియదు.

అసలు గొడవ 2017లో. ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-4. మిగిలిపోయిన బీఎస్-3 బండ్లు అమ్మొద్దని మార్చి 29న సుప్రీంకోర్టు తేల్చేసింది. అప్పటికి అమ్ముడుపోని వాణిజ్య వాహనాలే సుమారు 96 వేలు. తుక్కు కింద చవగ్గా కొన్న అలాంటి లారీలకు దొంగ కాగితాలు పుట్టించి, బీఎస్-4 అని నాగాలాండ్‌లో రిజిస్టర్ చేయించి, మన రాష్ట్రాల్లో తిప్పారని అనంతపురం జిల్లా తాడిపత్రిలో కేసు నడిచింది. మొత్తం 154 లారీలని దర్యాప్తులో చెప్పారు. 2022లో ఈడీ 22 కోట్లకు పైగా ఆస్తులు జప్తు చేసింది. ఇట్లాంటి కేసుల్లో ఆ లారీని నమ్మి కొన్నోడి గతి చూడండి. కాగితం చెల్లదంటే బండి షెడ్డులో, కిస్తీ నెత్తిన. అందుకే బయటి రాష్ట్రం నంబరు బండి చవగ్గా వస్తోందంటే, ఛాసిస్ నంబరు, తయారైన నెల, ఆర్‌సీ మూడూ పక్కపక్కన పెట్టుకుని చూడండి.

2020 నుంచి బీఎస్-6. పెద్ద లారీల్లో యూరియా ట్యాంకు వచ్చింది. అందులో పోసేది 32.5 శాతం శుద్ధమైన యూరియా ద్రావణం. మన 266 రూపాయల వేపపూత బస్తా నీళ్లలో కలిపి పోస్తే లోపలి జాలీ పూడుకుపోతుంది, ఆ రిపేరు ఖర్చు మనం మోయలేం. కొందరు యూరియా అసలే పోయకుండా, ‘అంతా బాగుంది’ అని బండి కంప్యూటర్‌కు చెప్పే చిన్న డబ్బా బిగిస్తున్నారు. ఫోక్స్‌వాగన్ కంపెనీ పరీక్షను పసిగట్టే సాఫ్ట్‌వేర్ పెట్టి 2015లో దొరికింది కదా. అదీ పాత పంపు స్క్రూ పనే, కాకపోతే ఖరీదైంది.

మన ట్రాక్టర్లు మాత్రం మడి కట్టుకున్నాయా? 50 హెచ్‌పీ దాటితే 2023 జనవరి నుంచి కొత్త పొగ రూలు, ధర కూడా పెరిగింది. ఈసారి షోరూమ్‌కు పోయినప్పుడు 49, 49.5 హెచ్‌పీ మోడళ్లు ఎన్ని నిలబెట్టారో లెక్కపెట్టి కింద కామెంట్లో రాయండి.