గనుల కథకు కెమెరా పడితే

కోలారు బంగారు గనులనగానే నేటి పిల్లలకు గుర్తుకొచ్చేది 2018లో వచ్చిన ‘కె.జి.ఎఫ్.’ సినిమా. అది కల్పిత కథ. అసలు కథ మన తాతల నోట ఉంది. మన జిల్లా విద్యార్థులు దానిని పది నిమిషాల చిత్రంగా తీయాలంటే ఉపాధ్యాయులు దారి ఎలా చూపాలి?

ముందు నోటుపుస్తకం పట్టించండి. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ ఇక్కడ కాలుపెట్టింది. 1902లో శివనసముద్రం విద్యుత్తు గనులకు చేరింది. బెంగళూరు వీధుల్లో ఆ దీపాలు వెలిగింది 1905లో, అంటే మూడేళ్ల తర్వాత. 1956లో గనులు మైసూరు ప్రభుత్వపరమయ్యాయి. చాంపియన్ రీఫ్ గని సుమారు 3,200 మీటర్ల లోతుకు దిగింది. 2001 ఫిబ్రవరి 28న పని ఆగింది.

ఈ సంవత్సరాలు తెలిశాక పెద్దల దగ్గరికి వెళ్లండి. ఉత్తర ఆర్కాటు నుంచి తమిళులు, చిత్తూరు వైపు నుంచి తెలుగువారు ఈ గనుల్లో పనికి వచ్చారు. “జీతమెంత?” అని అడిగితే ఒక్క అంకె చెప్పి ఊరుకుంటారు. “తొలిసారి కిందికి దిగిన రోజు ఏమనిపించింది తాతా?” అని అడగండి. రాతి పేలుళ్ల గురించి, ఊపిరితిత్తుల్లో చేరిన రాతిధూళి గురించి ఇంట్లో ఆడవారిని కూడా అడగండి. ఎదురుచూసింది వారే కదా!

ఇక చిత్రీకరణ. మూతపడిన గనుల్లోకి పిల్లలను పోనివ్వకండి, అది ప్రాణాపాయం. సయనైడ్ దిబ్బలను దూరం నుంచే తీయండి. లోపలి చీకటిని కెమెరా చూపలేదు, ముసలాయన గొంతు చూపగలదు. అందుకే మైకు ఆయనకు దగ్గరగా ఉంచండి. ఇంట్లో వెలుతురు చాలకపోతే బయట ఒక అద్దం నిలబెట్టి ఎండను లోపలికి మళ్లించండి. 1946లో బెంగళూరు పాలిటెక్నిక్‌లో ఛాయాగ్రహణంలో డిప్లొమా పొందిన వి.కె. మూర్తి, 1959 నాటి ‘కాగజ్ కే ఫూల్’లో ప్రసిద్ధమైన వెలుగుపట్టీని అద్దాలతోనే సాధించారు.

చివరిది కూర్పు. రెండు గంటల మాటలను పది నిమిషాలకు కుదించినా చెప్పినదాని అర్థం మారకూడదు. తమిళం, తెలుగు, కన్నడం కలిసిన ఆ మాటను దిద్దవద్దు. చిత్రాన్ని మొదట ఆ కుటుంబానికే చూపండి. వద్దన్న మాటను తీసేయండి.

గనులు మూతపడిననాడు యాభై ఏళ్లున్నవారికి ఇప్పుడు డెబ్బై దాటింది. యంత్రాల ఫొటోలు రేపైనా దొరుకుతాయి. ఆ గొంతులు మాత్రం ఆగవు. ఈ సెలవుల్లోనే మొదలుపెట్టండి.