పొంతకుండ లెక్క

మాది కోలారు జిల్లా ముళబాగిలు తాలూకాలో ఒక తెలుగు పల్లె. మా నాయన రాసిన లెక్కల పుస్తకాలు నాలుగు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. ఉప్పు, కిరసనాయిలు, బడి ఫీజు, బండెడు కట్టెలు, అన్నిటికీ తేదీ, ధర ఉంటాయి. ఇంటి ఖర్చు తగ్గించాలనుకున్నప్పుడు ఆయన ముందుగా చూసేది కట్టెల పద్దే. అమ్మ చేనిగట్ల మీద ఏరుకొచ్చిన చిదుగులు, తట్టిన పిడకలు, ఊదుగొట్టం పట్టుకొని మింగిన పొగ మాత్రం ఆ పుస్తకాల్లో ఎక్కడా లేవు. వంటచెరకు పొదుపు చరిత్ర చదివినప్పుడల్లా నాకు ఈ సంగతే గుర్తొస్తుంది.

ఈ పొదుపును మనవాళ్ళకు ఎవరో కొత్తగా నేర్పలేదు. పొయ్యి పక్కన పొంత ఉండేది. అసలు మంట మీద సంగటి ఉడుకుతుంటే, పక్కకు పోయే వేడికి పొంతకుండలో నీళ్ళు కాగేవి. స్నానాల కోసం వేరే మంట పెట్టే పని లేదు. అత్తెసరు పెట్టడం, పప్పు ముందే నానబెట్టడం, వంట కాగానే కొరకంచులు లాగి ఆర్పి బొగ్గులు దాచుకోవడం, ఇవన్నీ ఆ పొదుపులోవే. అయినా రాళ్ళపొయ్యిలో కాలిన కట్టె వేడిలో గిన్నెకు అందేది పదోవంతుకు అటూ ఇటూ మాత్రమే. మిగిలినది గోడలకు, గాలికి పోతుంది. పొగ వండే మనిషి ముఖానికే పోతుంది.

ఈ పొగను ఇంటి బయటికి పంపాలన్న ఆలోచన స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లోనే బలపడింది. వార్ధాలో, గాంధీగారు 1934లో స్థాపించిన అఖిల భారత గ్రామోద్యోగ సంఘానికి మగన్‌వాడి కేంద్రం. 1947లో అక్కడ తయారైనదే మగన్ చుల్హా. తర్వాత హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయంలో డాక్టర్ ఎస్.పి. రాజు గారు మట్టితో కట్టుకునే పొగగొట్టం పొయ్యిని రూపొందించారు. కోట్లాది ఇళ్ళకు పొగలేని వంటిళ్ళు అన్న అర్థం వచ్చే పేరుతో ఆయన ఇంగ్లీషులో రాసిన చిన్న పుస్తకం 1953లో మద్రాసులో అచ్చయింది. ఆ పేరులో ముందు నిలిచింది పొగ. కట్టెల పొదుపు కాదు.

1970లలో చమురు ధరలు పెరిగి, అడవులు తరిగేసరికి లెక్క మారింది. 1974లో బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో అమూల్య రెడ్డి గారు 'అస్త్ర' కేంద్రాన్ని ఆరంభించారు. అక్కడివాళ్ళు తుమకూరు జిల్లా పల్లెలకు వెళ్ళి, ఏ ఇంట్లో ఎంత కట్టె కాలుతోందో తూచి చూశారు. 1980ల మొదట్లో 'అస్త్ర ఒలె' తయారయింది. ఒలె అంటే కన్నడంలో పొయ్యి. వరసగా మూడు గిన్నెలు, కింద ఇనుప జల్లెడ, గాలి కొలతగా వచ్చే చిన్న నోరు, చివర పొగగొట్టం. మొదటి గిన్నెను దాటిన వేడి రెండో దానికి, మూడో దానికి అందుతుంది. అంటే మన పొంతకుండ సూత్రమే, కొలతలతో. ప్రయోగశాలలో గిన్నెలకు అందిన వేడి నూటికి 40 పాళ్ళు దాటింది.

ఆ పొయ్యి 1980ల చివర మా ఇంటికీ వచ్చింది. మేస్త్రీ ఒక్క రోజులో కట్టిపోయాడు. నెల తిరగకముందే చిక్కు తెలిసింది. మాకు దొరికేవి పొడుగాటి నీలగిరి కట్టెలు, చింత మోడులు. వాటిని చిన్న నోట్లో పట్టేలా చీల్చాలంటే గొడ్డలి పని, అది కూడా అమ్మ నెత్తినే. ఒకరోజు ఆమె గడ్డపారతో పొయ్యి నోరు పెద్దది చేసేసింది. సంగటి గెలికే ఊపుకు అంచులు పెళ్ళలూడితే పేడమట్టితో తానే మెత్తుకుంది. గాలి కొలత తప్పింది, కట్టెల ఖర్చు మళ్ళీ పాత దారి పట్టింది. నాయన పుస్తకం చూపించి కోప్పడినాడు. అమ్మ అన్న మాట ఇది: "కట్టెలు తగ్గినాయా అని అడుగుతావుండారు. కండ్లమంట తగ్గిందా అని ఒకరన్నా అడిగినారా?"

కండ్లమంట తగ్గింది. పొగ గొట్టంలోంచి పైకే పోతుండేది. నాయన లెక్కలో ఓడిపోయిన పొయ్యి అమ్మ లెక్కలో గెలిచింది.

1980లలో మొదలైన జాతీయ మెరుగైన పొయ్యిల పథకం 2002లో ముగిసేనాటికి దాదాపు మూడున్నర కోట్ల పొయ్యిలు కట్టించినట్లు లెక్క. వాటిలో చాలా భాగం కొన్నేళ్ళకే మూలపడ్డాయి. ఎన్ని కట్టామన్న లెక్కే ముందుండి, వండేవాళ్ళ గిన్నెలు, కట్టెలు, అలవాట్లు వెనకబడడం అందుకు ఒక కారణం. 2016లో ఉజ్జ్వల పథకం వచ్చి కోట్ల ఇళ్ళకు గ్యాసు చేరింది. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి గ్రామాల్లో శుభ్రమైన ఇంధనంతో వండే ఇళ్ళు నూటికి 43 మాత్రమే. సిలిండరు ఉన్నా, తిరిగి నింపించే డబ్బు చూసుకొని కట్టెలపొయ్యి కూడా వెలిగించే ఇళ్ళు ఎన్నో. అక్కడా పొదుపయ్యేది రూపాయి, ఖర్చయ్యేది ఊపిరి.

అమ్మ చివరి రోజుల్లో ఆయాసపడుతుంటే ఆస్పత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, ఎన్నేళ్ళు కట్టెలపొయ్యి మీద వండారని. అమ్మ వేళ్ళు మడిచి లెక్కబెట్టి, "యాబై రెండేండ్లు" అంది. అన్ని లెక్కలు రాసిన నాయన పుస్తకాల్లో ఆ అంకె లేదు.

హోసూరులోనో, బరంపురంలోనో, షోలాపూరులోనో, యానాంలోనో ఉన్న పాఠకులకు ఒక మనవి. మీ ఇంటి పెద్దామెను పొయ్యి గురించి అడగండి. పొంతను మీరేమంటారో, ఏ కట్టె కాల్చేవారో, ఎన్నేళ్ళు ఊదారో ఆమె మాటల్లోనే రాసిపెట్టండి. అడగడానికి మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ లేరు.