విచారణ లేని తీర్పు: బళ్ళారి – ఆదవాని సీమలో సారంగధర కథ

ఇంటి గుట్టు, కాదన్న ప్రేమ, ఆ కసితో మోపిన అభాండం, చివరికి ఒక చావు. ఈ ముడిసరుకుతో నడిచే నేర కథలు మూకీ సినిమాలతో పాటు పడమటి దేశాల నుంచి మనకు దిగుమతి అయ్యాయని తేలిగ్గా అనేస్తుంటాం. తెలుగులో ఆ కథకు గట్టి రూపం మూకీల కంటే ముందే, పాత బళ్ళారి జిల్లా రంగస్థలం మీద ఏర్పడిందని నా వాదన. దాన్ని తీర్చిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) వృత్తిరీత్యా ప్లీడరు. ఆయన ‘విషాద సారంగధర’ను శృంగార కథగా కంటే కచేరీ కథగా చదివితేనే దాని విషాదం ఎక్కడుందో తెలుస్తుంది.

కథ అందరికీ తెలిసిందే. రాజు రాజరాజ నరేంద్రుడు వేటకు వెళ్తాడు. ఆయన కొడుకు సారంగధరుడి పావురం ఎగిరి వెళ్ళి సవతితల్లి చిత్రాంగి మేడ మీద వాలుతుంది. స్నేహితుడు సుబుద్ధి వద్దంటున్నా వినక రాకుమారుడు లోపలికి వెళ్తాడు. ఆమె తన కోరిక బయటపెడుతుంది, అతను కాదని వచ్చేస్తాడు. రాజు తిరిగొచ్చేసరికి ఆమె అలక పూని, కొడుకే తనపై చెయ్యి వేశాడని చెబుతుంది. కాళ్ళూ చేతులూ నరకమని రాజాజ్ఞ. జనంలో నలిగిన కథలో మరో ముడి కూడా ఉంది: చిత్రాంగికి మొదట చూపించింది కొడుకు చిత్తరువు, తాళి కట్టింది మాత్రం తండ్రి. ఆ ఇంటి అసలు రహస్యం అదే. ఈ ఒక్క ముడితో చిత్రాంగి కేవలం దుష్టురాలు కాకుండా పోతుంది. మొదటి మోసం ఆమె చేసింది కాదు. ఇక తీర్పు విషయానికొస్తే, ఫిర్యాది భర్త, ముద్దాయి తండ్రి, న్యాయమూర్తి అన్నీ రాజు ఒక్కడే. ఆరోపణకు ఆమె మాట తప్ప మరో ఆధారం లేదు; మేడలోకి వెళ్ళిన మాట నిజమే కనుక కొడుకు దాన్ని కాదనలేడు. సగం నిజం మీద నిలబడ్డ అబద్ధాన్ని ఛేదించడం ఎంత కష్టమో కోర్టు గడప తొక్కిన ఏ ప్లీడరుకైనా తెలుసు.

కథ పాతదే కదా, ప్లీడరు చేసిందేమిటని అడగవచ్చు. గౌరన ‘నవనాథ చరిత్ర’లోనూ, చేమకూర వేంకటకవి ‘సారంగధర చరిత్ర’లోనూ ఇది ఉంది. కానీ పాత కథలో సిద్ధుడి మహిమతో నరికిన అవయవాలు మళ్ళీ మొలుస్తాయి. అంటే తప్పుడు తీర్పును పైనున్నవాడు రద్దు చేస్తాడు. ధర్మవరం ఆ అప్పీలును తీసేశారు. సారంగధరుడు చనిపోతాడు, నిజం ఆలస్యంగా తేలుతుంది. నాటకం విషాదాంతం కాకూడదన్న సంస్కృత మర్యాదను ఆయన కాదన్నది ఇక్కడే. షేక్స్పియర్ ప్రభావం లేదనను. అయితే ప్రభావం ముగింపుకు ధైర్యం ఇస్తుందే గాని, ఎవరిని ఏ తప్పుకు చంపాలో చెప్పదు.

ఆదవానిని (ఇప్పటి ఆదోని) ఇందులోకి లాగడం ఊరిమీద అభిమానమేనన్న ఆక్షేపణ మరింత బలమైనది. ధర్మవరం కొంతకాలం ఆదవాని తాలూకా కచేరీలో గుమాస్తాగా పనిచేశారు, ఆ తర్వాతే 1880లో ప్లీడరు పరీక్ష గట్టెక్కారు. ఒక గుమాస్తాగిరీ నాటకాన్ని పుట్టించిందని అంటే నవ్వుతారు, నేనూ అనను. కానీ అర్జీలు, వాంగ్మూలాలు, భూమి తగాదాల కాగితాల మధ్య గడిపిన కాలం ఆయన తయారీలో భాగం. ఎమ్మిగనూరుతో సహా ఈ ప్రాంతమంతా అప్పుడు బళ్ళారి జిల్లానే. 1953లో ఆదోని, ఆలూరు తాలూకాలు ఆంధ్రలోకీ, బళ్ళారి మైసూరులోకీ పోయాక నాటక చరిత్ర కూడా సరిహద్దు దగ్గర తెగింది. బళ్ళారి పేరు పుస్తకాల్లో మిగిలింది, పత్తి మార్కెట్టు ఊరిగా ఆదోని, నేత ఊరిగా ఎమ్మిగనూరు వేరే అధ్యాయాల్లోకి వెళ్ళాయి. 1886లో ధర్మవరం పెట్టిన సరస వినోదినీ సభ అనే నాటక సమాజాన్ని ఇప్పటి జిల్లా పటం మీద వెతికితే ఇలాగే అవుతుంది.

మూకీలతో పోల్చితే తేడా స్పష్టం. 1910ల చివర మద్రాసులో నటరాజ మొదలియార్ తీసిన ‘కీచక వధం’లో ఉన్నదీ కాముకతే, చావే. అయితే అక్కడ నేరం కంటికి కనిపిస్తుంది, శిక్షా కనిపిస్తుంది. మూగ తెరకు అది చాలు. చిత్రాంగి నేరమంతా నాలుక మీద ఉంది. తెర మీద అది రెండు వాక్యాల అట్ట అయిపోతుంది, రంగస్థలం మీద వాంగ్మూలంలా సాగుతుంది. 1937లో పి. పుల్లయ్య ‘సారంగధర’ టాకీలో కన్నాంబ, 1957 చిత్రంలో భానుమతి వంటి గొంతున్న తారలు చిత్రాంగి పాత్రకు రావడం యాదృచ్ఛికం అనుకోను.

రంగస్థలమెక్కిన ప్లీడర్ల ఈ వరుస ధర్మవరంతో ఆగలేదు. బళ్ళారిలో ఆయన సమకాలికుడు కోలాచలం శ్రీనివాసరావూ ప్లీడరే. ధర్మవరం మేనల్లుడు బళ్ళారి రాఘవ ఉదయం కోర్టులో వాదించి, సాయంత్రం రంగు పూసుకున్న మనిషి. పబ్లిక్ ప్రాసిక్యూటరుగానూ పనిచేశారు. మూకీల చివరి రోజుల్లో, పెళ్ళి అనే ఇంటి వ్యవహారాన్నే బోనెక్కించిన ‘తప్పెవరిది’లో ఆయన నటించారు. దాన్ని రాసిన పి.వి. రాజమన్నార్ కూడా న్యాయవాదే, తర్వాత మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు.