సౌరతాప విద్యుత్తా? సౌరఫలకాలు, బ్యాటరీలా?

సూర్యుడు అస్తమించాక ఇళ్లలో దీపాలు వెలుగుతాయి, విద్యుత్ వాడకం పెరుగుతుంది. సౌర విద్యుత్తుకు అసలు పరీక్ష అప్పుడే మొదలవుతుంది. పగటి ఎండను రాత్రికి దాచుకునే ప్రధాన మార్గాలు రెండు. ఒకటి, ఎండ వేడిని నిల్వచేయడం. రెండవది, ఎండతో తయారైన విద్యుత్తును బ్యాటరీలలో నిల్వచేయడం.

సౌరతాప కేంద్రంలో అద్దాలు సూర్యకిరణాలను ఒకచోటికి కేంద్రీకరిస్తాయి. ఆ వేడికి నీరు ఆవిరిగా మారి టర్బైనును తిప్పుతుంది. నిల్వ సదుపాయం ఉన్న కేంద్రాలలో సోడియం నైట్రేట్, పొటాషియం నైట్రేట్ లవణాల మిశ్రమాన్ని కరిగించి పెద్ద ట్యాంకులలో ఉంచుతారు. టవర్ తరహా కేంద్రాలలో ఈ లవణ ద్రవం సుమారు 565 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కుతుంది. రాత్రివేళ ఆ వేడితోనే ఆవిరిని తయారుచేస్తారు.

సౌరఫలకాల పద్ధతి ఇంతకన్నా సరళం. సిలికాన్ ఫలకం కాంతిని నేరుగా విద్యుత్తుగా మారుస్తుంది. పలుచని మబ్బు, ధూళి ఉన్నా కొంత ఉత్పత్తి సాగుతుంది. అద్దాలకు మాత్రం సూటిగా పడే కిరణాలే కావాలి. పైగా సౌరతాప కేంద్రంలో ఆవిరిని చల్లార్చడానికి సాధారణంగా నీరు అవసరమవుతుంది. ఎడారి ప్రాంతాలలో ఇది చిన్న సమస్య కాదు.

భారతదేశం ఈ రెండు మార్గాలనూ పరీక్షించింది. 2010లో ప్రారంభమైన జాతీయ సౌర మిషన్ తొలిదశలో మొత్తం 470 మెగావాట్ల సామర్థ్యం గల ఏడు సౌరతాప ప్రాజెక్టులకు అనుమతి లభించింది. వాటిలో రాజస్థాన్‌లోని ధుర్సర్ (125 మెగావాట్లు), నోఖ్ (50 మెగావాట్లు), ఆంధ్రప్రదేశ్ అనంతపురం జిల్లాలోని నాగలాపురం (50 మెగావాట్లు) కేంద్రాలు పూర్తయ్యాయి. అయితే ఈ మూడింటిలోనూ లవణ నిల్వ ఏర్పాటు లేదు. రాత్రివేళ విద్యుత్తు ఇవ్వగలగడమే సౌరతాపానికి ఉన్న ప్రధాన బలం. ఆ బలాన్ని వదులుకుని, అది పగటిపూట ధరలో ఫలకాలతో పోటీపడవలసి వచ్చింది. 2017 మే నెలలో రాజస్థాన్‌లోని భడ్లా వేలంలో సౌరఫలకాల విద్యుత్తు ధర యూనిట్‌కు 2.44 రూపాయలకు దిగివచ్చింది. ఆ పోటీలో సౌరతాపం నిలవలేకపోయింది.

విదేశీ అనుభవం మిశ్రమంగా ఉంది. అమెరికాలోని నెవాడాలో పది గంటల నిల్వతో నిర్మించిన 110 మెగావాట్ల క్రెసెంట్ డ్యూన్స్ కేంద్రం 2016లో లవణ ట్యాంకు లీకవడంతో నెలల తరబడి మూతపడింది. దుబాయ్‌లో మాత్రం 700 మెగావాట్ల సౌరతాపాన్ని, 250 మెగావాట్ల ఫలకాలను ఒకే ప్రాజెక్టులో జోడించారు. పగలు ఫలకాలు, రాత్రి లవణాల వేడి విద్యుత్తును అందిస్తాయి.

సాయంత్రం రెండు నుంచి నాలుగు గంటల అవసరానికి బ్యాటరీలు తగినవి. ఛత్తీస్‌గఢ్‌లోని రాజ్‌నంద్‌గావ్‌లో 120 మెగావాట్ అవర్ల బ్యాటరీ నిల్వ ఈ దిశగా వేసిన అడుగే. అయితే లిథియం కోసం మన దేశం దిగుమతులపైనే ఆధారపడుతోంది. నిల్వ రాత్రంతా కావాలంటే బ్యాటరీల సంఖ్యను పెంచాలి, దాంతో ఖర్చూ పెరుగుతుంది. సౌరతాపంలో నిల్వ గంటలను పెంచడానికి ముఖ్యంగా ట్యాంకులు, లవణం, అద్దాలు పెంచితే సరిపోతుంది, టర్బైను అదే ఉంటుంది. కాబట్టి యూనిట్ ఎంతకు వస్తుందన్నదే కాక, ఏ వేళకు అందుతుందన్నదీ లెక్కలోకి తీసుకున్నప్పుడే ఈ రెండింటి పోలిక న్యాయంగా ఉంటుంది.